పాత విండోస్ వేశాక డ్రైవర్లు దొరకడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురంలో నాకు కంప్యూటర్ల మరమ్మతు దుకాణం ఉంది. అంబాజీపేట కొబ్బరి వర్తకులు, మండపేట రైసు మిల్లుల గుమాస్తాలు, పాలకొల్లు, రాజోలు వైపు శుభలేఖలు అచ్చువేసేవారు ఏళ్ల తరబడి అడుగుతున్న ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. జవాబులన్నీ విండోస్ 7, విండోస్ ఎక్స్‌పీల గురించే. మా వైపు పాత యంత్రాలు ఇంకా వాటి మీదే నడుస్తున్నాయి.

డ్రైవర్ అంటే ఏమిటి? పాత విండోస్ వేస్తే అది ఎందుకు ఉండదు?

విండోస్‌కు ఒక భాష, సౌండ్ చిప్పుకో నెట్‌వర్క్ చిప్పుకో ఇంకో భాష. మధ్యలో నిలబడి ఒకరి మాట ఇంకొకరికి చెప్పే దుబాసీయే డ్రైవర్. విండోస్ 7 విడుదలైంది 2009 అక్టోబరులో. అప్పటికి ఉన్న చిప్పుల దుబాసీలు కొందరు విండోస్ 7 వేసే డిస్కులోనే ఉన్నారు. 2014లో తయారైన చిప్పు ఊసు ఆ డిస్కుకు తెలియదు, కాబట్టి ఆ డ్రైవర్ బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే. మరీ కొత్త యంత్రమైతే కంపెనీ వారు విండోస్ 7 కోసం డ్రైవరే రాసి ఉండరు. అలాంటిచోట ఎంత వెతికినా దొరకదు. లేనిదాని కోసం వారం రోజులు పోగొట్టుకున్నవారిని చూశాను, అందుకే ముందే చెబుతున్నాను.

ఈ రోజుల్లో పాత విండోస్ వేయడం సరైన పనేనా?

అవసరం ఏమిటన్న దాన్ని బట్టి ఉంటుంది. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో ఇరవై ఏళ్లుగా కూర్చిన పెళ్లి పత్రికల ఫైళ్లు ఉన్నాయనుకోండి. ఆ అక్షరాలు యూనికోడ్ (అన్ని యంత్రాలూ గుర్తించే అక్షరాల పద్ధతి) కావు. కొత్త యంత్రంలో తెరిస్తే తెలుగు కాస్తా పిచ్చిగీతలవుతుంది. ఆ ప్రెస్సు యజమానికి పాత విండోస్ నిజంగానే కావాలి. కానీ ఆయనకు కావలసింది పాత ప్రోగ్రాం, పాత యంత్రం కాదు. కొత్త కంప్యూటర్‌లోనే వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాం) వేసి, అందులో తన దగ్గర లైసెన్సు ఉన్న ఎక్స్‌పీ పెట్టుకుంటే డ్రైవర్ల వెతుకులాట చాలావరకు తప్పిపోతుంది. గెస్ట్ అడిషన్స్ అనే ఒక్క ప్యాకేజీ వేస్తే స్క్రీను, మౌసు కుదురుకుంటాయి.

మిల్లు కాటాకు తగిలించిన కార్డు, ప్యారలల్ పోర్టుకు పెట్టే తాళం లాంటి డాంగిల్ ఉన్నచోట ఆ దారి పనికిరాదు. యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కు మార్చే మామూలు తీగలు ప్రింటర్ల కోసమే చేసినవి, డాంగిల్‌ను అవి గుర్తించవు. అటువంటివారు అసలు యంత్రం మీదే పాత విండోస్ వేసుకోవాలి. మిగతా జవాబులు వారి కోసం.

ఫార్మాట్ చేసే ముందు ఏం చేయాలి?

ఇది నన్ను అన్నిటికన్నా తక్కువమంది అడిగే ప్రశ్న. అందరూ ముందుగా అడగాల్సింది ఇదే.

దుకాణం పెట్టిన కొత్తలో ఒక కొబ్బరి వర్తకుని యంత్రం వైరసు పట్టి నా దగ్గరికి వచ్చింది. ఫైళ్లన్నీ పక్కన దాచి, డిస్కు తుడిచి, విండోస్ తిరిగి వేశాను. సాయంత్రానికి అంతా సిద్ధమైందనుకున్నాను. తీరా చూస్తే కాటా నుంచి బరువు తీసుకునే కార్డు పలకలేదు. దాని సీడీ వాళ్ల బీరువాలో దొరికింది గానీ, గోదావరి గాలి తేమకు పైపూత బూజు పట్టి చిల్లులు పడింది. అమ్మిన కంపెనీ అప్పటికే మూతపడింది. అదే రకం కార్డున్న ఇంకో మిల్లు దొరికి, అక్కడి నుంచి డ్రైవర్ తెచ్చేసరికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ వాళ్లు బిల్లులు చేత్తో రాశారు. నేను తుడిచేసిన డిస్కులోనే ఆ డ్రైవర్ ఉంది. పది నిమిషాలు వెచ్చించి ఉంటే నా చేతిలో ఉండేది.

అప్పటి నుంచి ఏ యంత్రాన్నీ ఈ పనులు చేయకుండా ముట్టుకోను. పాత విండోస్ ఇంకా తెరుచుకుంటుంటే సి డ్రైవులో విండోస్, అందులో సిస్టమ్32, అందులో డ్రైవర్‌స్టోర్, అందులో ఫైల్‌రిపాజిటరీ అనే ఫోల్డరు ఉంటుంది. దాన్ని మొత్తంగా పెన్‌డ్రైవులోకి తీసుకోవాలి. విండోస్ తెరుచుకోకపోయినా ఫరవాలేదు. డిస్కు విప్పి ఇంకో కంప్యూటర్‌కు తగిలించి అదే ఫోల్డరు తీయవచ్చు. తిరిగి అదే విండోస్ వేశాక, డివైస్ మేనేజర్‌లో (యంత్రంలోని భాగాలన్నిటినీ జాబితాగా చూపే విండోస్ తెర) డ్రైవర్ కోసం ఈ ఫోల్డరును చూపించి, లోపలి ఫోల్డర్లలో కూడా వెతకమని టిక్కు పెడితే చాలావరకు దానంతట అదే వెతికి పట్టుకుంటుంది. ఎక్స్‌పీలో ఈ డ్రైవర్‌స్టోర్ ఉండదు. విండోస్ ఫోల్డరులోని ఐఎన్‌ఎఫ్ ఫోల్డరు, సిస్టమ్32లోని డ్రైవర్స్ ఫోల్డరు దాచుకోవాలి. అసలు సీడీ ఉంటే దాన్ని కూడా వెంటనే నకలు చేయాలి.

విండోస్ 10 నుంచి విండోస్ 7కు వెనక్కి వెళ్లేవారికి ఈ ఫోల్డరు అంతగా అక్కరకు రాదు, ఆ డ్రైవర్లు ఎక్కువగా 10 కోసం రాసినవి. కానీ ఏ చిప్పు ఏదన్నది అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. డివైస్ మేనేజర్ తెరిచి ఒక్కో వరుసనూ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఆ ఫోటోలు కంప్యూటర్‌లో దాచవద్దు, తుడిచేది దాన్నే.

ముందు ఇవేవీ చేయలేదు. ఇప్పుడు నెట్ కూడా రావడం లేదు. ఏం చేయాలి?

నెట్‌వర్క్ డ్రైవర్ లేక నెట్ రాదు, నెట్ లేక ఆ డ్రైవర్ రాదు. విండోస్ 7లో దీనికి మంచి ఉపాయం ఉంది. ఆండ్రాయిడ్ ఫోనును డేటా తీగతో తగిలించి, ఫోన్ సెట్టింగులలో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. విండోస్ 7లో దానికి కావలసిన డ్రైవర్ లోపలే ఉంది. కొన్ని ఫోన్లకు అది దానంతట అది కుదరదు. అప్పుడు డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ల జాబితా తెరిచి, మైక్రోసాఫ్ట్ పేరు కింద ఉన్న రిమోట్ ఎన్‌డీఐఎస్ అన్న దాన్ని మన చేత్తో ఎంచాలి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే తీగతో ఇది జరగదు.

ఇదీ కుదరకపోతే ఫోన్‌లోనే డ్రైవర్ దింపుకుని, ఫోనును పెన్‌డ్రైవులా తగిలించి ఫైలు కంప్యూటర్‌లోకి తీసుకోండి. విండోస్ 7లోని పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఇప్పటి వెబ్‌సైట్లు సరిగా తెరుచుకోవు కాబట్టి ఫోన్‌లో వెతకడమే నయం.

డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో "అన్‌నోన్ డివైస్" అని ఉంది. అది ఏమిటో ఎలా తెలుస్తుంది?

దాని మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, డీటెయిల్స్ అనే చోట హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచండి. ఒక పొడవాటి వరుస కనిపిస్తుంది. అందులో వీఈఎన్ అక్షరాల తరువాత వచ్చే నాలుగు గుర్తులు చిప్పు చేసిన కంపెనీవి, డీఈవీ తరువాత వచ్చే నాలుగూ ఆ చిప్పువి. మనిషికి ఇంటిపేరు, పేరు ఉన్నట్టే. కంపెనీ గుర్తులలో 8086 ఉంటే ఇంటెల్. 1978లో వచ్చిన వాళ్ల పేరుమోసిన ప్రాసెసర్ నంబరే అది. 10ఈసీ అంటే రియల్‌టెక్, 10డీఈ అంటే ఎన్‌విడియా, 1002 అంటే ఏఎండీ, 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్, 168సీ అంటే ఆథెరాస్. మా దుకాణానికి వచ్చే బల్ల కంప్యూటర్లలో ఎక్కువసార్లు కనిపించేది 10ఈసీ, 8168 జోడీ. అది రియల్‌టెక్ గిగాబిట్ నెట్‌వర్క్ చిప్పు. యూఎస్‌బీ వస్తువులైతే ఇదే పద్ధతిలో వీఐడీ, పీఐడీ అని ఉంటాయి.

కొన్ని పేర్లు చూసి జనం కంగారుపడతారు. పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్ అని ఉంటే మోడెమ్ పోయిందనుకుంటారు. ఇంటెల్ యంత్రాలలో అది చాలాసార్లు మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే ఇంటెల్ సొంత భాగం మాత్రమే. ఎస్ఎం బస్ కంట్రోలర్ అంటే చిప్‌సెట్ (మదర్‌బోర్డు మీది భాగాలను కలిపే చిప్పు) డ్రైవర్ వేయలేదని అర్థం. ల్యాప్‌టాప్‌లో బేస్ సిస్టమ్ డివైస్ అని ఒకటికి రెండు వరుసలు ఉంటే కెమెరా కార్డులు పెట్టే రీడర్ అయ్యే అవకాశమే ఎక్కువ.

డ్రైవర్ ఎక్కడ వెతకాలి?

ముందు కంప్యూటర్ చేసిన కంపెనీ వెబ్‌సైటులో వెతకాలి. డెల్ అయితే అడుగున చీటీ మీద సర్వీస్ ట్యాగ్ ఉంటుంది. హెచ్‌పీ, లెనోవో అయితే సీరియల్ నంబరు. మోడల్ పేరు మీద కన్నా ఈ నంబరు మీద వెతకడం మేలు. ఒకే మోడల్ పేరుతో రెండు మూడు రకాల వైఫై కార్డులు పెట్టి అమ్ముతారు. విడిభాగాలతో కూర్చిన యంత్రమైతే మదర్‌బోర్డు మీద అచ్చైన పేరు చదవండి. మూత తీసి టార్చి వేసి చూస్తే ప్రాసెసర్‌కు, కార్డులు గుచ్చే గాళ్లకు మధ్యన పెద్ద అక్షరాలతో ఉంటుంది.

అక్కడ దొరకకపోతే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్‌కు వెళ్లండి. దీని గురించి తెలిసినవారు తక్కువ, నాకు ఇది కొండంత అండ. ఆ హార్డ్‌వేర్ ఐడీలో డీఈవీ నంబరు వరకు ఉన్న భాగాన్ని అలాగే వెతికే పెట్టెలో అతికించండి. వచ్చిన జాబితాలో విండోస్ 7 అని ఉన్నదాన్ని దింపుకుంటే క్యాబ్ అనే మూట ఫైలు వస్తుంది. దాన్ని సెవెన్‌జిప్ అనే ప్రోగ్రాంతో విప్పి, ఆ ఫోల్డరును డివైస్ మేనేజర్‌కు చూపించాలి.

చిప్పు కంపెనీల సొంత వెబ్‌సైట్లలో పాతవి ఎప్పటికీ ఉంటాయనుకోవద్దు. ఇంటెల్ తన పాత మదర్‌బోర్డుల డ్రైవర్లు, బయోస్ (యంత్రం ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రాం) ఫైళ్లు ఎన్నింటినో 2019లో తీసివేసింది. అటువంటివి పాత వెబ్ పేజీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికే అవకాశం ఉంది. పాత పేజీ చిరునామా తెలిస్తే అక్కడి వేబ్యాక్ మెషీన్‌లో పెట్టి చూడండి.

దింపుకున్న డ్రైవర్ నా చిప్పుకు సరిపోతుందో లేదో వేయకముందే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. డ్రైవర్ ఫోల్డరులో ఐఎన్‌ఎఫ్ అన్న తోకతో ఒక చిన్న ఫైలు ఉంటుంది. డబుల్ క్లిక్ చేస్తే నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. అందులో మీ చిప్పు డీఈవీ నంబరు వెతకండి. కనిపించిందంటే ఆ డ్రైవర్ మీ చిప్పును ఎరుగును. కనిపించకపోతే ఎన్నిసార్లు వేసినా పనిచేయదు. ఆ వరుసకు పైన బ్రాకెట్లలో 5.1 ఉంటే ఎక్స్‌పీ, 6.0 ఉంటే విస్టా, 6.1 ఉంటే విండోస్ 7. విస్టా డ్రైవర్లు చాలావరకు విండోస్ 7లో పనిచేస్తాయి, కాబట్టి 6.0 చూసి నిరాశపడి వదిలేయవద్దు. అక్కడే ఏఎండీ64 అని కనబడితే అది ఏఎండీ ప్రాసెసర్ల కోసమే అనుకోకండి. 64 బిట్ విండోస్‌కు అది మారుపేరు, ఇంటెల్‌కు కూడా వర్తిస్తుంది.

ఈఎక్స్ఈ ఫైలు నడిపితే "మీ విండోస్‌కు ఇది పనికిరాదు" అని మొండికేసినప్పుడు కూడా ఇదే దారి. దాన్ని సెవెన్‌జిప్‌తో విప్పి చూస్తే చాలాసార్లు లోపల మనకు కావలసిన ఐఎన్‌ఎఫ్ దొరుకుతుంది.

ఒక్క నొక్కుతో డ్రైవర్లన్నీ వేస్తామనే ప్రోగ్రాములు వాడవచ్చా?

వద్దు. డ్రైవర్ పేరు వెతకగానే ముందు వరుసలో ప్రకటనలుగా వచ్చేవి ఎక్కువగా ఇవే. ఉచితమంటూ మొదలుపెట్టి చివర డబ్బు అడుగుతాయి, పనిలో పనిగా అక్కర్లేనివి నాలుగు లోపల వేసి పోతాయి. తప్పనిసరైతే స్నాపీ డ్రైవర్ ఇన్‌స్టాలర్ ఆరిజిన్ అని ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఉంది, డబ్బు కట్టనక్కర్లేదు. నెట్ లేని యంత్రానికి నెట్‌వర్క్ డ్రైవర్ల మూట ఒక్కటే పెన్‌డ్రైవులో తెచ్చుకోవచ్చు. అది చూపించినవన్నీ వేయకుండా పసుపు గుర్తు ఉన్నవాటికే వేయండి.

32 బిట్ వేయాలా, 64 బిట్ వేయాలా?

మీ దగ్గర ఉన్న పాత కార్డుకు ఏ డ్రైవర్ ఉందో అదే నిర్ణయిస్తుంది. 64 బిట్ విండోస్ 32 బిట్ డ్రైవర్‌ను ఒప్పుకోదు. 16 బిట్ ప్రోగ్రాములు కూడా అందులో నడవవు. కాటా కార్డులు, పాత స్కానర్లు ఉన్నచోట నేను 32 బిట్టే వేస్తాను. మెమరీ 4 జీబీ దాటి వాడలేమన్న నష్టం ఉంది గానీ, బిల్లులు కొట్టే యంత్రానికి అది చాలు.

ఏ వరుసలో వేయాలి?

చిప్‌సెట్ ముందు, తరువాత నెట్‌వర్క్, ఆ తరువాత గ్రాఫిక్స్, సౌండ్. మిగిలినవి ఎలా వేసినా సరే. ఒక్కోటి వేశాక యంత్రాన్ని తిరిగి ఆన్ చేయండి.

విండోస్ 7 వేస్తుంటే మొదటి తెర దగ్గరే కీబోర్డు, మౌసు ఆగిపోయాయి. పాడయ్యాయా?

పాడవలేదు. విండోస్ 7 డిస్కులో యూఎస్‌బీ 3.0 డ్రైవర్ లేదు. 2015లో వచ్చిన ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్ల నుంచి చిప్‌సెట్లలో పాత యూఎస్‌బీ 2 కంట్రోలర్ తీసేశారు. అందుకే ఆ యంత్రాలలో కీబోర్డు బయోస్‌లో పనిచేసి, సెటప్ తెరలో చచ్చుబడుతుంది. వెనక గుండ్రటి పీఎస్2 పోర్టు ఉంటే పాత కీబోర్డు తగిలించి పని కానిచ్చుకోవచ్చు. లేకపోతే యూఎస్‌బీ 3.0 డ్రైవర్ కలిపిన పెన్‌డ్రైవు తయారుచేసుకోవాలి. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ ఉన్న యంత్రంలో డిస్కే కనిపించదు, దాని డ్రైవర్ కూడా విండోస్ 7లో లేదు. దానికి మైక్రోసాఫ్ట్ కేబీ2990941 అనే సవరణ ఇచ్చింది. సాటా ఎస్ఎస్‌డీ పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు. ఏడో తరం నుంచి విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతే లేదు. అటువంటి యంత్రాన్ని తెచ్చి 7 వేయమంటే నేను వేయను, కారణం వివరించి పంపుతాను.

ఎక్స్‌పీ వేసేటప్పుడు నీలి తెర మీద చివరన 7బి అని వచ్చిందంటే అది డిస్కు డ్రైవర్ లేని గొడవ. బయోస్‌లో సాటా పద్ధతిని ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మార్చండి.

డ్రైవర్ సరైనదే, అయినా కోడ్ 52 అని వస్తోంది.

డ్రైవర్ మీద ఉన్న డిజిటల్ సంతకాన్ని విండోస్ గుర్తుపట్టలేదని అర్థం. కొత్త సంతకాలు షా-2 పద్ధతిలో ఉంటాయి, తొలినాటి విండోస్ 7కు అది తెలియదు. ముందు సర్వీస్ ప్యాక్ 1, తరువాత కేబీ4490628, ఆ తరువాత కేబీ4474419 వేసి యంత్రాన్ని తిరిగి ఆన్ చేయండి. ఈ రెండూ అప్‌డేట్ క్యాటలాగ్‌లో ఉన్నాయి. సంతకాల తనిఖీనే ఆపేసే చిట్కాలు చెబుతారు, వాటి జోలికి వెళ్లవద్దు.

ప్రింటర్ల సంగతి?

హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 గురించి ఒక మాట తెలుసుకోవాలి. ఆన్ చేసిన ప్రతిసారీ దాని ఫర్మ్‌వేర్‌ను (ప్రింటర్‌ను లోపల నడిపే ప్రోగ్రాం) కంప్యూటరే పంపాలి. డ్రైవర్ సగం సగం పడితే లైటు వెలుగుతుంది, కాగితం మాత్రం కదలదు. జనం ప్రింటర్ పోయిందని తెస్తారు. తీగ తీసేసి, పాత డ్రైవర్ పూర్తిగా తొలగించి, మళ్లీ వేసి, సెటప్ అడిగినప్పుడే తీగ పెట్టండి. క్యానన్ ఎల్‌బీపీ 2900కు విండోస్ 7 డ్రైవర్లు 32, 64 రెండింటికీ ఉన్నాయి. మీ విండోస్‌కు తగినదే దింపుకోండి.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లకు అసలు బాధే లేదు. అవి చాలావరకు ఎప్సన్ భాషలోనే మాట్లాడతాయి, విండోస్‌లో ఉన్న ఎప్సన్ 9 పిన్నుల డ్రైవర్‌తో నడుస్తాయి. అదీ కుదరకపోతే జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ అన్నది ఎంచండి. ఇంగ్లీషు అక్షరాల బిల్లులకు అది చాలు, తెలుగు మాత్రం రాదు.

కాటాకు యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే తీగ కొన్నాను. బరువు రావడం లేదు.

ఆ తీగ మధ్యలో ఉండే చిప్పును బట్టి డ్రైవర్ మారుతుంది, పైన అచ్చువేసిన బొమ్మను బట్టి కాదు. హార్డ్‌వేర్ ఐడీలో వీఐడీ 067బి అయితే ప్రొలిఫిక్, 0403 అయితే ఎఫ్‌టీడీఐ, 1ఏ86 అయితే సీహెచ్340 రకం. ప్రొలిఫిక్ తీగకు కొత్త డ్రైవర్ వేస్తే కోడ్ 10 వచ్చిందంటే తీగలోది పాత తరం చిప్పో నకిలీదో అయ్యుండాలి, కొత్త డ్రైవర్లు వాటిని ఒప్పుకోవు. విండోస్ 7లో పాత డ్రైవర్ వేస్తే పాత తరం చిప్పులు తిరిగి పనిచేస్తాయి. డ్రైవర్ పడినా బరువు రాకపోతే డివైస్ మేనేజర్‌లో దానికి వచ్చిన కామ్ (సీరియల్ పోర్టు) నంబరు చూడండి. కాటా ప్రోగ్రాం కామ్ 1 కోసం చూస్తుంటే తీగ కామ్ 5 మీద కూర్చుని ఉంటుంది. పోర్ట్ సెట్టింగులలోని అడ్వాన్స్‌డ్‌లో నంబరు మార్చుకోవచ్చు. తీగను రోజూ ఒకే పోర్టుకు పెట్టండి.

డ్రైవర్ వేశాను, రెండు రోజులు పనిచేసి మళ్లీ కనిపించకుండా పోయింది.

మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు జవాబు తరచుగా డ్రైవర్‌లో ఉండదు. సముద్రానికి దగ్గరగా అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి వచ్చే యంత్రాలు తెరిస్తే తెలుస్తుంది. కార్డును గాడిలో నుంచి బయటికి లాగి వెలుతురులో పట్టుకుంటే, బంగారు రంగులో మెరవాల్సిన పళ్ల మీద పచ్చటి మచ్చలు, కొన్నిటి మీద ఉప్పులాంటి తెల్లని పొర. ఉప్పుగాలి తిన్న లోహం అది. పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో పళ్ల వెంట ఒకే దిశలో మెల్లగా రుద్దండి, పొడిని మెత్తని కుంచెతో దులపండి, వేలు తగలకుండా తిరిగి గుచ్చండి. మెమరీ కార్డులకూ ఇదే. పని మొదలుపెట్టే ముందు కరెంటు తీగ పూర్తిగా తీసేయాలి.

పాత విండోస్ మీద నెట్ వాడవచ్చా?

డ్రైవర్లు పడేవరకే. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆగిపోయింది. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై పాకినప్పుడు ఎక్కువగా దెబ్బతిన్నవి సవరణలు వేసుకోని విండోస్ 7 యంత్రాలే. పని అయ్యాక నెట్ తీగ పీకేయండి. బ్యాంకు పనులు, ఆధార్ నంబర్లు ఆ యంత్రంలో పెట్టవద్దు.

దొరికిన డ్రైవర్లను ఎలా దాచుకోవాలి?

సీడీని నమ్మవద్దు, మన తేమకు నిలవదు. యంత్రం పేరుతో ఒక ఫోల్డరు, అందులో చిప్పు పేరుతో చిన్న ఫోల్డర్లు పెట్టి రెండు పెన్‌డ్రైవులలోకి ఎక్కించండి. ఒకటి యంత్రం దగ్గర, ఇంకొకటి వేరే ఇంట్లో ఉండాలి. 2022 జులై వరదప్పుడు లంకల వైపు నుంచి వచ్చిన యంత్రాలలో కొన్నిటికి డిస్కులు బాగానే ఉన్నా, పక్కనే సొరుగులో ఉంచిన పెన్‌డ్రైవు, సీడీలు బురదలో కలిసిపోయాయి. నేను మరమ్మతు చేసే ప్రతి యంత్రం మూత లోపలి వైపు ఒక చీటీ అతికిస్తాను. మదర్‌బోర్డు పేరు, ఒక్కో చిప్పు నాలుగేసి గుర్తులు, వేసిన విండోస్ ఎన్ని బిట్లదో, తేదీ. దాని మీద పారదర్శకమైన టేపు వేస్తాను, తడి తగిలినా సిరా చెదరదు.